పిండి లెక్క

రాత్రి మూడింటికి
నా పక్కన అంబ్రోసి ఛాతీలో పిల్లులు లేస్తాయి.
ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా.
మంచం అంచున కూర్చుని
మోకాళ్ల మీద చేతులు ఆనిస్తాడు.
లోపలికి పోయిన గాలి
అప్పు తీసుకున్నవాడిలా
తిరిగి రానంటుంది.

తిబిలిసీలో, చుగురేతి వాడలో
మెట్లు దిగితే మా రొట్టెల కొట్టు.
ముప్పై రెండేళ్లుగా ఈయన
బావిలాంటి మట్టిపొయ్యిలోకి నడుందాకా వంగి
వేడిగోడకు పిండిముద్దలు చరుస్తున్నాడు.
నావల్లా కోసుదేరి పైకొస్తాయి రొట్టెలు.
తిన్నవాళ్లకు కూడా ఆకలేసే వాసన.

చలి అన్నాం. తేమ అన్నాం.
ఎదురింటి లామారా పావురాల మీద పెట్టింది నేరం.
సిగరెట్లు మాన్పించాను,
అత్తగారి తివాచీ అమ్మేశాను.
పిండిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.
కూడు పెట్టేదాన్ని ఎవరంటారు?

డాక్టర్ ఎతేరీ ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది.
పొద్దునా రాత్రీ గట్టిగా ఊదాలి,
ముల్లు ఆగిన అంకె రాయాలి,
సెలవు రోజున కూడా.
రాత పని ఎప్పుడూ నాదే.
వేరే పుస్తకం ఎందుకని
పిండి ఖాతాలోనే, బస్తాల పక్క గడిలో రాశాను.

సోమవారం మూడు వందల తొంభై.
గురువారం మూడు వందల ఇరవై.
శనివారం పెళ్లి ఆర్డరు, నాలుగు బస్తాలు విప్పాం,
రెండు వందల డెబ్భై.
ఆదివారం కొట్టు మూశాం.
మర్నాడు పొద్దున
మళ్లీ మూడు వందల ఎనభై.

నాలుగు వారాలు ఇదే వరస.
పిండి కొద్దీ రొట్టె అంటారు.
మా ఇంట్లో పిండి కొద్దీ ఆయాసం.

పుస్తకం చూపిస్తే
అంబ్రోసి చాలాసేపు అరచేతులు వాసన చూసుకున్నాడు.
"కన్నతల్లి మీద చాడీ విన్నట్టుంది," అన్నాడు.

రెండు ఇన్‌హేలర్లు.
నీలిది ఆపదకు, తలగడ కిందే ఉండాలి.
రెండోది రోజూ, పీల్చాక నోరు పుక్కిలించాలి.
దాని రంగు? గోధుమరంగు.
నవ్వబోయి దగ్గాడు.
వారం తేలిగ్గా గడవగానే
"బాగున్నాక మందెందుకు?" అని మొదలెట్టాడు.
కప్పు కారేది వానలోనే,
బాగుచేసుకునేది మాత్రం ఎండలో కదయ్యా, అన్నాను.

ఇప్పుడు బస్తా ఎత్తి కుమ్మరించం.
గిన్నెతో, తొట్టి అడుగుకు ఆనించి, మెల్లగా దించుతాం.
చీపురు పారేసి తడిగుడ్డ పట్టాం.
జల్లెడ పని కుర్రాడు బాద్రికి అప్పజెబుదామన్నాను.
"వాడి ఛాతీలో ఉన్నవి మాత్రం ఊపిరితిత్తులు కావా?"
సిగ్గేసింది.
రెండు మాస్కులు కొన్నాను.

నిన్న మూడింటికి అలవాటుగా మెలకువొచ్చింది.
పిల్లులు లేవలేదు.
ఆ నిశ్శబ్దానికి నాకే నిద్ర పట్టక
దీపం పెట్టి ఖాతా తీశాను.

డాక్టర్ ఇంకో మాట కూడా అంది,
ఆయన కోటు తొడుక్కుంటుండగా, నాతో:
"అన్నిటికన్నా మంచిది
ఆ పిండినే వదిలెయ్యడం."

ఆ మాట
ఏ గడిలో రాయాలో
ఇంకా తేలలేదు.