చిన్నక్షరాలు

ఆదోని బస్టాండు ఎదురుగా నా అంగడి.
అంగడంటే ఒక ఫ్రిజ్జు, ఒక బల్ల, పైన రేకు.
మధ్యాన్నమైతే రేకుకు జరమొస్తాది.

పక్కన హుసేన్‌పీరా వాచీలు బాగుచేస్తాడు.
ఇప్పుడెవురు కట్టుకుంటాండారు వాచీలు?
ఐనా కుర్చీ తీయలేదు.
పోయిన్నెల రక్తపరీక్ష చేయించుకోనొచ్చి
చీటీ మడిచి సెల్లుల డబ్బాలో దాచి
"మద్దిలేటీ, ఇంగ చక్కెర లేనిదియ్యప్పా" అన్యాడు.
ముప్పై ఏండ్లుగా చక్కెరున్నది ఇచ్చినోన్ని
నేనే.

ఇచ్చే ముందర అనుమానమొచ్చె.
చక్కెర లేకుంటే తీపి యాడనుంచి వస్తాది?

రెండు సీసాలూ బల్ల మీద నిలబెట్టినాము,
పంచాయితీకి తెచ్చిన అన్నదమ్ముల మాదిరి.
ఒకే ఎత్తు, ఒకే నలుపు, ఒకే ధర.
అక్షరాలు చూస్తే ఆవగింజలు, అవీ ఇంగ్లీషు.
హుసేన్‌పీరా కంటి అద్దం తీసిచ్చినాడు.
కోసిగి బస్సుకు కాసుకోనుండే ఈరమ్మ,
ఇంటరు చదివే పిల్ల,
అద్దం కంట్లో ఇరికించుకోని
వాచీ లోపలి చక్రాలు చూసినట్ల చూసింది.

మొదటి సీసా:
గాలి పట్టించిన నీళ్లు.
చక్కెర.
పులుపుకు మూడునూర్ల ముప్పైఎనిమిది.
రంగుకు నూటయాభై, దానికి డి అని ఒక తోక.
కెఫీను, వాసన.
అంతే.

రెండోది:
గాలి పట్టించిన నీళ్లు.
మళ్లా అదే ముప్పైఎనిమిది, తోడుగా ఇంగొగటి.
తీపికి తొమ్మిదినూర్ల యాభైఒకటి,
సాలదన్నట్ల తొమ్మిదినూర్ల యాభై.
చెడిపోకుండా రెండునూర్ల పదకొండు...
"ఆగు పిల్లా, ఇవి సరుకులా, లారీ నంబర్లా?"

పిల్లలకు తాపొద్దని ఒక వరుస.
ఏదో జబ్బుండేవాళ్లు తాగొద్దని ఇంగో వరుస,
ఆ జబ్బు పేరుకాడ ఈరమ్మ నాలిక రెండుసార్లు జారింది.
సున్నా అని పెద్దగా రాసిన సీసాకే
చిట్టా పొడుగు.

మొదటిదాంట్లో చక్కెరెంతని అడిగితే
ఆ పిల్ల వేళ్లు మడిచి, ఇరవైఆరు గ్రాములు, పైన చిల్లర అనె.
టీ అంగడి బసమ్మ దగ్గర చక్కెర తెచ్చి
బొరుగులు తూచే తక్కెట్లో ఏసినా.
కాగితం మీద ఇంత గుట్ట.
హుసేన్‌పీరా వేలితో ముట్టుకున్యాడు, నాకలేదు,
వాచీలు తుడిచే గుడ్డకు తుడుచుకున్యాడు.
"దినానికొగటి, ముప్పై ఏండ్లంటే..." అని
ఈరమ్మ నోట్లోనే గుణిస్తాంటే
"లెక్క కట్టొద్దులేమ్మా" అన్యాడు.

సీసా మూతల్లోంచి చెరొక చుక్క
బల్ల మీద పడిండె.
మొదటి చుక్క చుట్టూ చీమలు జాతర కట్టినాయి.
రెండోదాని కాడికి ఒకటే వచ్చింది,
నిలబడింది, మీసాలు ఆడించింది, మళ్లుకోని పాయె.

ఈయప్పా అంతే.
సగం తాగి, మీసం తుడుచుకోని,
"తీపి వచ్చింది గాని పోతల్యా,
నాలిక మీదనే కూచుంది, ఇనపముక్క చప్పరించినట్ల" అన్యాడు.
ఐనా మూత బిగించి, మిగిలింది కుర్చీ కింద పెట్టుకున్యాడు.

బస్సొచ్చె. ఈరమ్మ అద్దం ఇచ్చేసి ఉరికింది.
కిటికీలోనించి తల బయట పెట్టి అరిచింది:
"మామా, రెండిట్లోనూ మొదుటి పేరు నీళ్లే!"
మా వీధి కొళాయి నాలుగు దినాలకొకసారి దగ్గుతాది.
ఆ నీళ్లు ఏ ఊరివో
అద్దం పెట్టినా కనపడలేదు.

చక్కెర గుట్ట బసమ్మకు తిరిగిచ్చినా.
చక్కెర సీసాను ఫ్రిజ్జులో వెనక వరుసకు జరిపినా.
ఐదు నిమిషాలకు
ఎమ్మిగనూరు బస్సు దిగినోడు అదే అడిగె,
బాగా చల్లంది కావాలని.

చెయ్యి లోపలిదాకా పెట్టి
తీసిచ్చినా.