కవరు

హసావీ నుంచి బస్సుకు మూడొందల ఫిల్సులు.
చల్లని గదిలో ఆయమ్మ నా నిద్ర గురించి అడిగింది:
ఎన్నింటికి పండుకుంటావు, రాత్రి ఎన్నిసార్లు లేపుతారు,
లేపేటప్పుడు ఏమని పిలుస్తారు.
దానికి మాత్రం నవ్వి ఊరుకున్నా.

రెండు గంటలకు ఒక కవరు.
"బస్సు చార్జి వేరే, మీ టైముకు వేరే."
టికెట్టు పారేసినానంటే
నోటిమాట చాలనింది.

ఐదు దినార్లు.
ఎక్కువిస్తే డబ్బుకోసం అబద్ధాలు చెప్తారని పైవాళ్ళ భయమంట.
తక్కువిస్తే నిజం పెరుగుతుందా అమ్మా?
ఆయమ్మ అది కూడా రాసుకునింది.

పదకొండేండ్లుగా కువైట్లో నా చేతులకు జీతముంది.
ఊరికే కూర్చుని మాట్లాడిన గంటకు
రేటు కట్టినోళ్ళు లేరు.

ఆ రాత్రి ఒకటిన్నరకు మళ్ళీ బెల్లు.
పాలు వెచ్చబెడుతూ లెక్కేసినా:
ఇరవై నిమిషాలు.
ఏ కవర్లో వేయాలో తెలీలేదు.