అరచెయ్యి

గుణుపురం సంతలో
నా గడియారాల బల్లకి అటు గురుబారి చింతపండు గంప,
ఇటు ఒడియా కుర్రాడి ఉల్లిపాయల బండి.
మూడు భాషలు ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటూ తిరుగుతాయి,
ఏదీ కోప్పడదు.

ఇంజనీరింగు చదివే వొంగానీ వచ్చాడు, ఆగిపోయిన వాచీతో.
మలావీ అట వాళ్లది. ఇంట్లో మాట తుంబుక.
నాకొచ్చిన హిందీ, అతనికొచ్చిన హిందీ
కలిపితే ఒక మనిషికి చాలదు.

బస్సెప్పుడని గురుబారి అడిగింది, సవరలోనే.
అతనేం విన్నాడో,
చెయ్యెత్తి ఆకాశంలో ఒక చోట వేలు ఆపాడు.
కాదు కాదని ఆవిడ అదే ఆకాశంలో
రెండు జానలు కిందికి జరిపింది.
ఇద్దరూ ఒప్పుకున్నారు.
నా బల్ల మీద ముప్పై గడియారాలు
ముప్పై టైములు చెబుతున్నాయి, ఎవరూ అడగలేదు.

డబ్బులిస్తూ కుడిచెయ్యి చాచి
ఎడమచెయ్యి మోచేతికి ఆనించాడు,
మేం తీర్థం పట్టేటప్పటిలాగ.
అరవై రూపాయల బ్యాటరీకి అంత మర్యాద!
సరేనని తల అటూ ఇటూ ఆడించాను.
కాదన్నాననుకుని ఇంకో పది తీశాడు.
గురుబారి నోట్లో చుట్ట తీసి మరీ నవ్వింది.

ఊళ్లో చెల్లెలుందట, తేమ్వా.
ఇంత, అని చూపించాడు
చెయ్యి నిలబెట్టి, వేళ్లు పైకి.
నాకూ తమ్ముడుండేవాడన్నాను, దాలినాయుడు.
ఇంత.
బల్లెత్తున అరచెయ్యి బోర్లించాను.
వంశధార సంగతి చెప్పలేదు.
"ఉండేవాడు" హిందీలో ఎలా దాటిందో తెలీదు.

అతని మొహం మారింది.
అలా మేకల్ని చూపిస్తాం అన్నాడు.
పిల్లల మీద చెయ్యి మూస్తే ఎదగరు,
అమ్మ చూస్తే కొడుతుంది.
నా మణికట్టు పట్టుకుని
కీ ఇచ్చినంత మెల్లగా
నిలువుకి తిప్పాడు.

ముప్పై ఎనిమిదేళ్లు
ఆ అరచేతి కిందే నిలబెట్టాను వాణ్ణి.
ఇప్పుడు వేళ్ల పైన బోలెడు జాగా.

అతను వెళ్లాక, ఏంటంట, అంది గురుబారి.
ఏ భాషలో చెప్పను?
చెయ్యి నిలబెట్టి చూపించాను.
ఆవిడ కాసేపు చూసింది.
చింతపండు జిగురు లంగోటా గుడ్డకి తుడుచుకుని
తన చెయ్యీ నిలబెట్టింది,
నా చేతికంటే
ఒక జానెడు పైన.