మోత

చీమకుర్తి తొలి బస్సుకే వస్తాడు కాలేషా,
ఆర్నెల్లకోసారి.
చెవి మీద పసుపు సుద్దముక్క,
కనుబొమల్లో రాతిపొడి.
ఒంగోలు ఆస్పత్రి పదకొండో గదిలో
ఆయన నెత్తుట్లో సీడీఫోర్ కణాలు
లెక్కపెట్టేది నేనే.

మూడు వందల డెబ్బై. పోయినసారికి మెరుగే.
చీటీ తీసుకున్నాడు గానీ కదల్లేదు.
"నాలుగు, నాలుగు అంటారు గదమ్మా,
దాన్ని నాలుగని ఖాయం చేసేది ఎవురు?"

వరసలో ఇంకా పద్దెనిమిది మంది.
అయినా చెప్పాను.
రొమ్ము బొమిక వెనక ఓ గ్రంథి,
పసితనంలో నిండుగా, మన వయసుకి కొవ్వుగా.
అందులో పెరిగే కణానికి
ముందు రెండు చేతులూ ఉంటాయి,
నాలుగూ తనదే, ఎనిమిదీ తనదే.
అక్కడ చూపించేవన్నీ మన ఒంటి తునకలే.
దేన్నీ పట్టలేనిది పలకరింపు లేక రాలిపోతుంది.
మరీ గట్టిగా కరుచుకున్నదాన్నీ ఎక్కువగా చంపేస్తారు.
బయటపడేవి నూటికి మూడో నాలుగో.

"తట్టి చూస్తారన్నమాట" అన్నాడు.
ఇరవయ్యేళ్లుగా ఆయన చేసేది అదే:
చుక్కల నల్లరాతి దిమ్మె మీద
ఒక్క సుత్తి దెబ్బ,
ఆనక చెవి.

అవును, చెవే.
కణం ముందుగా ఎనిమిదో చెయ్యి వదులుతుంది.
వదిలి, వింటుంది.
పిలుపు ఇంకా సాగుతుంటే
నాలుగుగానే నిలబడిపోతుంది,
పదిమందిని లేపి పనికి పంపే పెద్దమనిషి.
పిలుపు తెగిందా,
తనని పట్టి ఉంచింది ఆ వదిలిన చెయ్యే అని తెలిసి
దాన్నే మళ్లీ తెచ్చుకుంటుంది.
నాలుగుని వదిలేస్తుంది.
చెడిన కణాన్ని స్వయంగా కూల్చే పని ఇక దానిది.
(ఈ మాట మీద పుస్తకాల్లో ఇంకా తగువుంది.
అది ఆయనకి చెప్పలేదు.)

"మా కాడ మోత తెగితే గుట్టమీదికే" అన్నాడు.
రామతీర్థం దారి పొడుగునా
ఆయన గీసిన పసుపు ఇంటూ మార్కులు
ఎండలో పడున్నాయి.
"నేనెప్పుడూ రెండోసారి ఇనలా.
మీ దాంట్లో తెగిన మోతకీ
ఓ పనుందన్నమాట."

నన్ను కాదు, చీటీనే చూస్తా అన్నాడు.
తనకొచ్చింది తినేది నాలుగునే అని
ఆయనకి బాగా తెలుసు.

గడప దగ్గర వంగాడు.
ఆస్పత్రి మెట్టు, వాళ్ల ఊరి రాయే.
వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి
తల పక్కకి వాల్చాడు.
ఫ్యాను చప్పుడులో
సాగిందో తెగిందో నాకు వినపడలేదు.

ఆయన ఇంకా వంగే ఉన్నాడు,
నేను తర్వాతి పేరు పిలిచాను.