పదకొండో వరుస

ఎనుమాముల యార్డు వెనుక గల్లీ, రెండో అంతస్తు.
పన్నెండేండ్లుగా నేను కొట్టే మిర్చి బిల్లుకు
పది వరుసలే:
హమాలీ, చాట కూలి, దడువాయి, గోనె,
తరుగు, తాలు, కోల్డ్ స్టోరేజి, లారీ కిరాయి,
ఇంకో రెండు. వాటి అర్థం నాకూ తెల్వది.
ఈ మాఘంల పదకొండోది మొలిచింది:
ఓడ నూనె అదనం.
బస్తాకు ఎనిమిది రూపాయల ముప్పై పైసలు.

గూడూరు దిక్కు నుంచి వచ్చిన జాటోతు లచ్చిరాం
కిటికీ చువ్వల్లోంచి వేలు పెట్టి
ఆ వరుస మీద ఆపిండు.
అక్షరాలు రావు, కొత్తదాన్ని మాత్రం గుర్తు పడతడు,
మందల పరాయి మేకను పట్టినట్టు.
"గిదేంది బిడ్డా?"
"ఓడల పోసే నూనె, తాతా."
"నేను ఓడ ఎక్కలే గదా."
"నీ మిర్చి ఎక్కింది."

నాకు ఓడ అంటే మా మేనబావ ఓదెలే.
జమ్మికుంట నుంచి పోయి ఇంజిను గదిల ఆయిలర్ అయిండు.
ఫోనుల ఆయన గొంతు వెనుక
ఎప్పుడూ ఒక గిర్నీ నడుస్తనే ఉంటది.
చెప్పేటోడు: మొదట్ల పోసింది నూనె కాదు,
రోడ్డు మీద పోసే తారుకు అన్న.
కాచితే గాని కదలదు.
దాని మసి పడ్డ అంగీకి
మూడు ఉతుకులకే చిల్లులు.
రేవు ఊర్లల్ల పోరగాండ్లు కూసుండి నిద్రపోయేటోళ్ళంట,
పండుకుంటే ఊపిరాడక.
ఇప్పుడు రూలు వచ్చింది,
గంధకం తక్కువున్న నూనెనే కాల్చాలె.
పలుచటిది. పిరమైంది.
తీరం దగ్గరపడంగ ట్యాంకు మార్చాలె,
గబగబ మార్చితే ఇంజిను గుండె ఆగుతది,
అందుకే గంటలు పడుతది, నిదానంగ, జ్వరం దించినట్టు.
కొన్ని ఓడలు పాతదే కాల్చి
పొగను నీళ్ళతో కడిగి
ఆ నీళ్ళను సముద్రంలనే పారబోస్తయి.
"గాలికి పోయేది చేపకు పోతాంది," అన్నడు.
నవ్విండో దగ్గిండో, లైను సరిగ లేదు.

ఇదంతా లచ్చిరాంకు చెప్పిన, చువ్వల్లోంచి.
"పోరగాండ్లు కూసుండి నిద్రపోతరా?"
అదొక్కటే అడిగిండు.

కిందికి చూస్తే యార్డు.
కుప్పలు తిరగేస్తున్న ఆడోళ్ళు, ముక్కుకు కొంగు.
హమాలీ బుచ్చయ్య బస్తా వీపు మీదుండంగనే
తుమ్మి, ఆగి, మళ్ళ తుమ్మి నడిచిండు.
నా కండ్లు మాఘంల ఎర్రబడితే ఉగాది దాకా తగ్గవు.
ఈ ఘాటుకు రూలు లేదు,
ఏ దేశమోళ్ళూ దీని మీద కాయితం రాయలే,
పన్నెండో వరుస ఎవరి బిల్లులనూ లేదు.

"సరే, పట్టుకో," అన్నడు లచ్చిరాం,
"పోరగాండ్ల కోసమైతే."

అప్పుడు నాకు సిగ్గయింది.
ఓడ కంపెనీ పంపిన కాయితం నా సొరుగులనే ఉన్నది.
కంటైనరుకు ఇంత అని రాసింది.
బస్తాలతో భాగిస్తే
మూడు రూపాయల పది పైసలు.
రెండుసార్లు భాగించిన, పెన్నుతో ఒకసారి, ఫోనుతో ఒకసారి.
రేవు నుంచి ఓరుగల్లు చేరేసరికి
మూడు ఎనిమిదైంది,
ఒక్కో బల్ల దగ్గర ఒక్కో చెయ్యి పడుకుంట.
ఆఖరి చెయ్యి నాది.
మీది అయిదు రూపాయల ఇరవై పైసలు
ఏ తీరంలనూ ఏ పిల్ల ఊపిరినీ కడగలే.

ఓనరు ఏసీ గది తలుపు మూసి ఉన్నది.
బిల్లు మార్చే ధైర్యం రాలే, నిజం చెప్తున్న.
జిరాక్సు మిషను వేడెక్కేదాకా నిలబడ్డ.
కంపెనీ కాయితానికి నకలు తీసి
అంచున నా భాగహారం ఎర్ర ఇంకుతో వేసి
బిల్లు మడతల పెట్టి ఇచ్చిన.
"ఇంట్ల చదివేటోళ్ళు ఉన్నరా?"
"మనుమరాలు. తొమ్మిది."
"లెక్కలు వస్తయా?"
"కొట్లాట ఇంకా మంచిగ వస్తది."

తువ్వాలల చుట్టి, బొడ్డున దోపుకొని
మెట్లు దిగిండు.
నాలుగో మెట్టు మీద తుమ్మిండు.
సొరుగు మూసిన.
ఇంక పద్దెనిమిది బిల్లులున్నయి,
జిరాక్సు కాయితాలు ఏడే.