గంట వెనక్కి

ఆర్జిపల్లిలో దిగిన మొదటి రాత్రి
నాకు నిద్ర పట్టలేదు.
తొమ్మిది నెలలు తలకింద మోగిన ఇంజను
ఒక్కసారి ఊరుకుంటే
పక్కింట్లో ఎవరో పోయినట్టుంది.
కూర్మమ్మ లేచి పాత టేబిలు ఫ్యాను వేసింది,
రెక్క జాలీకి తగిలి గరగరమనేది.
"ఇప్పుడు పడుకో" అంది.
పడుకున్నాను.

సముద్రం మా కులం పని.
ఈదర ఎప్పుడు తిరుగుతుందో, కొండగాలి ఎప్పుడు దిగుతుందో
మా తాత వీపుతో చెప్పేవాడు.
నేనేమో నీటిమట్టానికి రెండంతస్తుల కింద
కిటికీ ఉండాల్సిన చోట ఇనుము ఉన్న గదిలో
పైబెర్తు మనిషిని.
కిందిబెర్తు సుగెంగ్, జావా వాడు.
నేను లేచే వేళకి వాడు వాలేవాడు.
వాడి గురక బాగా తెలుసు,
గొంతు వింటే పోల్చుకోలేను.

రెండు కాంట్రాక్టులు లాండ్రీలో.
రెండువేల పడకల దుప్పట్లు,
వాటిలో ఇంకా ఎవరివో నిద్రల వెచ్చదనం.
బయట అల పెద్దదని
మెషిను అద్దంలో సబ్బునీళ్ళు ఒక పక్కకి ఒరిగితే తెలిసేది.
అంతే. అదే నా సముద్రం.

మూడోసారి పైకి తీశారు.
పద్దెనిమిది గదులు, రోజుకి రెండు సార్లు.
అక్కడ చూశాను దాన్ని,
ఇంకొకళ్ళ అద్దంలోంచి, ఇంకొకళ్ళ పక్క సర్దుతూ,
ఒక దిండు గలేబు తొడిగినంత సేపు.
ఛాతీ మీద బిళ్ళ: "డాలీ, ఇండియా".
దాలయ్య అనే పేరు ఆ బిళ్ళలో పట్టదన్నారు.
పట్టేదే. నేను అడగలేదు.

పదడుగుల దూరాన కళ్ళు కలపాలి,
అయిదడుగులకి నవ్వి పలకరించాలి.
అది పాఠం. దానికి పరీక్ష, మార్కులు.
ఇంటికొచ్చిన మూడోరోజు
కూర్మమ్మ అంబలి గిన్నెతో గుమ్మం దాటి వస్తుంటే
సరిగ్గా అయిదడుగుల దగ్గర
నా మొహం దానంతటదే నవ్వింది.
గిన్నె కింద పెట్టి అంది:
"ఆ నవ్వు తియ్యి.
నాను టూరిస్టుని కాను."

జీతం ఎంతని మా బావమరిది అడిగాడు.
చెప్పాను, గంటలతో భాగించకు అన్నాను.
తాబేళ్ళ కోసం ఏటా ఏడు నెలలు వేట బందు.
తెప్ప మోటారు అమ్మితే
బరంపురం ఏజెంటు ఫీజులో సగం తీరింది,
మిగతా సగం ఇంకా తీరుస్తున్నాను.
కుడి మణికట్టు రాత్రిళ్ళు తిమ్మిరెక్కుతుంది.
"మెడికల్లో నోరెత్తకు" అన్నాడు ఏజెంటు.
ఎత్తను.

తువ్వాలుతో ఏనుగు, కోతి, హంస.
గదిలో పరుపు మీద కూర్చోబెడితే
వాళ్ళ పిల్లలు కేకలేసేవారు, టిప్పు పెరిగేది.
మా లిపికకి ఆదివారం తాబేలు చేసిచ్చాను.
తిప్పి చూసింది, బోర్లా వేసి చూసింది.
"గుడ్లేవి?" అంది.
ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ.
పెరట్లోకి పరిగెత్తి నాలుగు రేగుపళ్ళు తెచ్చి
దాని పొట్టకింద తనే దాచింది.

చేరే తేదీ వచ్చింది, ఫోనులో,
చేపలు బేరమాడుతుంటే.

ఓడ గురించి కూర్మమ్మకి నచ్చిన మాట ఒకటే:
పడమటికి పోయేటప్పుడు కొన్ని రాత్రులు
గడియారం గంట వెనక్కి తిప్పుతారని,
ఆ గంట అందరికీ ఊరికే వస్తుందని,
మేం కొందరం పడుకోకుండా
మెట్లకింద కూర్చుని ఉప్పు వేరుశనగలు తినేవాళ్ళమని.
తూర్పుకి తిరిగేటప్పుడు
ఆ గంటలన్నీ ఒక్కొక్కటే లాక్కుంటారని
చెప్పలేదు.

వెళ్ళే ముందురాత్రి
పీట ఎక్కి గోడ గడియారం దించింది,
వెనక మర తిప్పింది,
పదకొండుని పది చేసింది.
"ఓడోళ్ళే ఇత్తారేటి? నానూ ఇత్తాను."
రైలు దాని టైముకే వస్తుందని
ఇద్దరికీ తెలుసు.

ఫ్యాను వెయ్యబోతే వద్దన్నాను.
ఆ గంటంతా మెలకువగానే ఉన్నాం.
ఎక్కడో దూరంగా అల విరుగుతోంది.
అది ఏ గాలో తనని అడిగాను.


"ఈదర" అంది, ఆవులిస్తూ.