మొదటి పిలుపు

గ్రాట్స్ నగరం, నాలుగో నంబరు ట్రామ్.
ఒళ్ళో సంచి, సంచిలో రీడరు,
చెవిలో చిన్న ఇయర్‌ఫోను.
ఆఫీసు పనే. ఎంత దూరం నుంచి వినిపిస్తాయో
కొలిచి రమ్మన్నారు.

వినిపించాయి.
ఎదురుసీటు ముసలాయన ఓవర్‌కోటు కాలరులోంచి ఒక అంకె,
కాలేజీ పిల్ల ఒళ్ళో లైబ్రరీ పుస్తకం అట్టలోంచి ఒక అంకె.
వెనక ఎవరో నిద్రపోతున్నారు,
వాళ్ళ బూట్లు మాత్రం మేలుకునే ఉన్నాయి.
గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ
అంచుకుట్లకు నోళ్ళుంటాయని ఎవరనుకున్నారు?

బియ్యపుగింజలో సగం ఉండదు ఆ చిప్పు.
బ్యాటరీ లేదు, సొంత ఊపిరి లేదు.
పిలిచినవాడి దగ్గరే ఊపిరి అరువు తీసుకుని
ఆ అరువుతోనే వాడికి బదులిస్తుంది.
నువ్వెవరని అడగదు.
అడగడం నేర్పితే ఒక్కోదానికి రెండు సెంట్లు ఎక్కువని
మీటింగులో తేల్చాం. వద్దని చెయ్యెత్తినవాళ్ళలో
నేనూ ఉన్నాను.

ఆ సాయంత్రం అమ్మ ఇంటికి వెళ్ళాను,
రీడరు ఆపడం మర్చిపోయి.
గుమ్మం పక్క కొక్కేనికి అమ్మ చేతిసంచి.
అది పలికింది.
మందుల పెట్టె అంకె.
ఆ జాబితా రాసిందే నేను.
ఏ వరస ఏ జబ్బుదో వెతుక్కోనక్కర్లేదు నాకు.

"హెమ్మా, బూట్లు విప్పి రా, ఇప్పుడే నేల తుడిచాను."
గొంతులో ఏ తేడా లేదు. ఎప్పటి రోస్‌విటాయే.
రెండు చేతులతో జాడీ పట్టుకుని
సలాడు మీద గుమ్మడిగింజల నూనె పోస్తోంది,
చిక్కగా, నలుపో పచ్చో తెలియని రంగులో.
ఎప్పుడు చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో
ఎన్ని రాత్రులు కూర్చుకుందో ఆవిడ.
సంచి ఒక్క క్షణంలో కక్కేసింది.
నేను దొంగతనం చెయ్యలేదు.
దొంగసొత్తు మాత్రం నా చెవిలో ఉంది.

తిన్నాను. బాగుందన్నాను.

మర్నాడు ల్యాబులో ఎగీడ్ అన్నాడు:
"చంపెయ్. అమ్మకం అవగానే చంపేసే ఆజ్ఞ ఒకటుందిగా."
రేపు ఆ మందులో లోపం తేలి
కంపెనీ వెనక్కి పిలిస్తే?
చచ్చినదాన్ని ఏ పేరు పెట్టి పిలుస్తాం?
అతను పెన్సిలు కొరుక్కున్నాడు.

కిటికీలోంచి కొండమీద గడియారం.
ఊళ్ళో వాళ్ళకి తెలుసు,
దాని పెద్దముల్లు గంటలు చెబుతుంది, చిన్నది నిమిషాలు.
కొత్తవాడు దాన్ని నమ్మి రైలు తప్పిపోతాడు.
మూడొందల ఏళ్ళుగా అందరి కళ్ళెదుటే ఉంది,
అబద్ధమాడలేదు,
తెలిసినవాడికి మాత్రమే టైము చెప్పింది.

తర్వాత పదకొండు వారాలు.
ఆ చిప్పులో పెద్ద తాళానికి చోటు లేదు,
అగ్గిపెట్టెలో చీర పట్టించినట్టు
మడత మీద మడత.
పిలిచారని పేరు చెప్పకు.
ముందు నువ్వో అంకె విసురు, ఎప్పటికప్పుడు కొత్తది.
మనవాడైతే దానికి జత పంపుతాడు.
కానివాడికి ప్రతిసారీ వేరే ముఖం చూపించు.
నిన్న ట్రామ్‌లో ఎదురైంది, ఇవాళ గుమ్మంలో వేలాడేది
ఒకటేనని వాడికి తెలియనివ్వకు.
రాత్రిపూట మొదటి పిలుపుకి పలకొద్దని
పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాను.
నలభై మూడోసారికి విన్నది.
ఈసారి మీటింగులో రెండు సెంట్ల మాట
నేనే ఎత్తాను.

నవంబరులో ఒక ఆదివారం
అమ్మ నూనెజాడీ నా వైపు జరిపింది.
"ఇకనుంచి నువ్వు పొయ్యి. నా కుడిచెయ్యి
చెప్పిన మాట వినట్లేదు."
ఆ తర్వాత చాలాసేపు చెప్పింది,
మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా.
నేనొక్కసారీ తెలుసు అనలేదు.
జబ్బు పేరే తెలుసు నాకు. జాడీ బరువు తెలియదు.

సంచి సంగతి
ఇంకా నా దగ్గరే ఉంది.